నైలు మీద వెళ్తూ కృష్ణ గురించి మాట్లాడుకున్నాం

బయల్దేరే ముందు, హైదరాబాద్

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. పేరు నైషు, రాచకన్య అంటారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో వెయ్యి పౌండ్లు పెట్టి కొన్నాడని, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు బహూకరించాడని, ఆయన 1930లో దాన్ని మ్యూజియానికి ఇచ్చేశాడని చెబుతారు. మా యాత్రకు మొదటి పాఠం ఆ గాజుపెట్టె ముందే జరిగింది.

ఇది మామూలు ప్యాకేజీ టూర్ కాదు. రిటైరైన హిస్టరీ ప్రొఫెసర్ ఒకాయన మాతోపాటు వస్తారు. వెళ్లే ముందు హైదరాబాద్‌లో క్లాసులు, ఓడ మీద రోజూ సాయంత్రం ఒక ఉపన్యాసం. చూసిన తర్వాతే పాఠం, చూడకముందు కాదు, అన్నది ఆయన పద్ధతి. ముందే అంతా చెప్పేస్తే గుడిలో నిలబడి చెప్పింది సరిపోయిందా లేదా అని టిక్కులు పెట్టుకుంటారు, కళ్లు పనిచేయవు అంటారు. ఆ మాట నిజమేనని రెండో రోజుకే అర్థమైంది.

గుంపులో ఎక్కువమంది రిటైరైనవాళ్లే. బ్యాంకులవాళ్లు, ఒక డాక్టర్ దంపతులు, ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన ఇంజనీర్ గారు, ఒక తెలుగు టీచరమ్మ. మాచర్ల నుంచి వచ్చి కూకట్‌పల్లిలో కూతురి దగ్గర ఉంటున్న ఒక మామ్మగారు, ఆవిడ మనవరాలు. ఆ పిల్ల తొమ్మిదో తరగతి. పరీక్షలు దగ్గరపడుతున్నా బడి మాన్పించి తీసుకొచ్చారు. ప్రశ్నలన్నీ ఆ పిల్ల దగ్గరి నుంచే వచ్చేవి కాబట్టి అది మా అందరికీ మేలే అయింది.

శంషాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా కైరో. కైరో గురించి ఎక్కువ రాయను. పిరమిడ్ల గురించి చదవనివాళ్లు ఎవరు? కొత్తగా తెరిచిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం మాత్రం ఒక పూటలో అయ్యేది కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో టుటన్‌ఖామున్ సింహాసనానికి నకలు చూసి పెరిగిన మాకు అక్కడ అసలుది కనిపించింది. మా ఆవిడ చాలాసేపు చూసి, మన దగ్గర ఉన్నదాన్ని ఇకమీద తక్కువగా చూడను, బాగానే చేశాడు అంది.

ఆదివారం, లక్సర్

పొద్దున విమానంలో లక్సర్ చేరి, సామాను ఓడలో పడేసి, తిన్నగా కర్నాక్ గుడికి వెళ్లాం. ఓడ అంటే సముద్రంలో తిరిగే పెద్దది కాదు. నాలుగు అంతస్తులు, పైన డెక్కు, కింద భోజనాల హాలు. రేవులో ఓడలు ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటాయి కాబట్టి మన ఓడకు వెళ్లాలంటే మధ్యలో ఉన్న రెండు మూడు ఓడల లాబీల్లోంచి నడుచుకుంటూ పోవాలి.

కర్నాక్‌లోని స్తంభాల హాలులో 16 వరసల్లో 134 స్తంభాలున్నాయి. నడిమి 12 స్తంభాలు 21 మీటర్ల ఎత్తు, అంటే ఏడంతస్తుల అపార్టుమెంటంత. మధ్య స్తంభాల తలలు విచ్చుకున్న పపైరస్ పువ్వుల్లా, పక్కవాటివి మొగ్గల్లా చెక్కారు. వెలుతురు మధ్యలోనే పడుతుంది కాబట్టి అక్కడ పువ్వు విచ్చుకుంది, నీడలో ఉన్నవి మొగ్గలుగానే మిగిలాయి. గైడ్ ఈ సంగతి చెప్పగానే అందరం తలలెత్తి అలా ఉండిపోయాం. సేతి అనే రాజు మొదలుపెట్టించిన పనిని ఆయన కొడుకు రెండో రామ్సెస్ పూర్తి చేశాడు. తండ్రి కాలంలో గోడ మీద బొమ్మను ఉబ్బెత్తుగా చెక్కారు, కొడుకు కాలంలో లోపలికి తొలిచేశారు. లోపలికి తొలిస్తే పని త్వరగా అవుతుంది, తర్వాతి రాజు చెరపడమూ కష్టం.

సాయంత్రం లక్సర్ గుడి. ముందు రెండు ఒబెలిస్కులు, అంటే మొన తేలిన పొడవాటి రాతి స్తంభాలు, ఉండాల్సిన చోట ఒక్కటే ఉంది. రెండోది పారిస్‌లో ఉంది, 1836లో అక్కడ నిలబెట్టారు. గుడి లోపల అబూ హగ్గాగ్ మసీదు ఉంది. గుడి ఒకప్పుడు మట్టిలో కూరుకుపోయి దాని మీదే ఊరు వెలిసింది. మసీదు ఆ ఊరి నేల మీద కట్టింది. తర్వాత మట్టి తవ్వేయడంతో మసీదు పాత గుమ్మం గాలిలో వేలాడుతున్నట్టు గోడ పైన మిగిలింది. మేం చూస్తుండగానే మగ్రిబ్ అజాన్ మొదలైంది. మూడు మతాల పూజలు జరిగిన చోటు అది. మధ్యలో కొన్నాళ్లు చర్చి కూడా ఉండేది.

రాత్రి ఉపన్యాసం గాలి గురించి. నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. గాలి చాలావరకు ఉత్తరం నుంచి దక్షిణానికి వీస్తుంది. తెరచాప దించితే ప్రవాహం మోసుకుపోతుంది, ఎత్తితే గాలి వెనక్కి తెస్తుంది. ఇంత సుఖమైన రోడ్డు ఇంకే నాగరికతకూ దొరకలేదని ప్రొఫెసర్ గారి వాదన. కర్నాక్ రాళ్లు అక్కడిదాకా వచ్చింది ఆ రోడ్డు మీదే.

సోమవారం, పడమటి ఒడ్డు

తెల్లవారకముందే లేపారు. రాజుల లోయలో మామూలు టికెట్టుకు మూడు సమాధులు చూడొచ్చు. టుటన్‌ఖామున్‌ది, ఇంకా కొన్ని వేరే టికెట్టు. టుటన్‌ఖామున్ సమాధి చిన్నది. 1922 నవంబరులో హోవర్డ్ కార్టర్ దాన్ని కనిపెట్టినప్పుడు బయటపడిన 5,000కు పైగా వస్తువులు ఆ కాస్త గదుల్లో ఎలా కుక్కారా అనిపిస్తుంది. రాజు మమ్మీ మాత్రం ఇంకా అక్కడే ఉంది. బొమ్మల కోసమైతే ఐదో, ఆరో రామ్సెస్‌ల సమాధికి వెళ్లండి. కప్పు నిండా ఆకాశ దేవత నూట్ సూర్యుణ్ణి సాయంత్రం మింగి పొద్దున కంటున్న బొమ్మ ఉంటుంది. టికెట్టు డబ్బు దానికి పెట్టొచ్చు.

అక్కడి నుంచి హట్షెప్‌సుట్ గుడికి. ఈవిడ క్రీస్తుకు పూర్వం పదిహేనో శతాబ్దంలో ఇరవై ఏళ్లకు పైగా ఏలిన మహారాణి. కానీ విగ్రహాల్లో రాజు వేషం, పెట్టుడు గడ్డం. గుడి గోడ మీద ఆవిడ పుంట్ దేశానికి పంపిన ఓడలు చెక్కి ఉన్నాయి. ఓడల్లోకి సాంబ్రాణి జాతి చెట్లను వేళ్లతో సహా బుట్టల్లో మోసి ఎక్కిస్తున్నారు. ఓడ కింద నీళ్లలో చేపలు కూడా ఎంతో జాగ్రత్తగా చెక్కారు. చాలాచోట్ల రాణి బొమ్మ మాత్రం ఉలితో చెక్కేసి ఉంది.

"ఎవరు చెరిపేశారు సార్?" అని మనవరాలు అడిగింది.

ఆవిడ తర్వాత వచ్చిన మూడో తుత్మోస్ కాలంలో అని చెప్పి, ప్రొఫెసర్ గారు మన రుద్రమదేవిని తెచ్చారు. రుద్రమ కూడా శాసనాల్లో రుద్రదేవ మహారాజుగానే కనిపిస్తుంది. అయితే ఆమె తర్వాత వచ్చిన ప్రతాపరుద్రుడు ఆమె పేరు చెరపలేదు, మనవడు కదా. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం లేకపోతే ఆమె 1289లో చనిపోయిందన్న సంగతే మనకు తెలిసేది కాదు.

ఇక్కడ నా మాట ఒకటి. ఎక్కడికెళ్లినా మన ఊరిని లాక్కురావడం మొదట్లో నాకు కొంచెం విసుగ్గా ఉండేది. అంత దూరం వచ్చింది ఈజిప్టు చూడ్డానికి కదా, ఓరుగల్లు ఎందుకు అనుకున్నాను. అదే మాట ఇంజనీర్ గారితో అంటే, "కొలబద్ద లేకుండా ఏం కొలుస్తావయ్యా?" అన్నారు.

మధ్యాహ్నం ఓడ కదిలింది. అంతవరకూ గుడులే చూశాం, ఇప్పుడు నది కనిపించింది. రెండు ఒడ్డుల్లోనూ చెరకు, ఖర్జూరం, మేస్తున్న గేదెలు. ఆ పచ్చదనం వెనక కిలోమీటరో రెండో కిలోమీటర్లో దాటితే ఇసుక. ఆ గీత ఒకేచోట తెగిపోతుంది. ఇటు పొలం, అటు ఎడారి, మధ్యలో ఏమీ లేదు.

రాత్రి ఎస్నా లాకుల దగ్గర ఓడలన్నీ వరసలో ఆగాయి. అప్పుడు చిన్న పడవల్లో వ్యాపారులు వచ్చి ఓడను పట్టుకున్నారు. కింది నుంచి "ఇండియా! అమితాబ్ బచ్చన్!" అని కేకలు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన గలాబియాలు (అక్కడి పొడవాటి వదులు చొక్కాలు), టేబుల్ క్లాత్‌లు నాలుగంతస్తుల ఎత్తుకు విసురుతున్నారు. గురి తప్పడం లేదు. నచ్చితే అదే కవర్లో డబ్బు పెట్టి కిందికి విసరాలి, నచ్చకపోతే సరుకు తిరిగి విసరాలి. మన ఆడవాళ్లు సుల్తాన్ బజారులో ఆరితేరినవాళ్లు. టీచరమ్మ డెక్కు మీంచి వంగి, వ్యాపారి చెప్పిన ధరలో మూడో వంతుకు మొదలుపెట్టి, లాకు తలుపులు మూసుకునే లోపల సగానికి తెగ్గొట్టారు. అసలు లాకు పనిచేయడం చూద్దామని ఇంజనీర్ గారు ఒక్కరే రెయిలింగ్ అటువైపు నిలబడ్డారు. నీళ్లు నింపుకుంటూ ఓడ మెల్లగా పైకి లేస్తుంటే, అటు చూడండయ్యా అని పిలుస్తూనే ఉన్నారు, ఎవరూ రాలేదు.

మంగళవారం, ఎడ్ఫు, కొమ్ ఓంబో

ఎడ్ఫులో రేవు నుంచి గుడికి గుర్రబ్బండ్లు. కొన్ని గుర్రాల ఎముకలు కనిపిస్తున్నాయి. మాలో కొందరం ఎక్కకుండా ఆటో మాట్లాడుకున్నాం. అన్ని ఓడలూ ఒకే వేళకు చేరతాయి కాబట్టి గుడి ముందు తిరునాళ్ల జనం. మా టూర్ కంపెనీ ఇక్కడ ఇచ్చింది గంటంబావు. ఎడ్ఫుకు అది ఏ మూలకూ చాలదు. మీరు వెళ్లేటప్పుడు ముందే మాట్లాడుకోండి.

డేగ తల దేవుడు హోరస్ గుడి ఇది. ఈజిప్టులో ఇంత చెక్కుచెదరకుండా మిగిలిన గుడి మరోటి లేదు. ఇసుక దాదాపు స్తంభాల తలల దాకా పూడ్చేసి, పైకప్పు మీద జనం ఇళ్లు కట్టుకుని కాపురాలు చేశారు. 1860లో మారియెట్ అనే ఫ్రెంచి పండితుడు తవ్వించేదాకా అలాగే ఉంది. పూడుకుపోవడమే దాన్ని కాపాడింది. క్రీస్తుకు పూర్వం 237లో మూడో టాలమీ అనే రాజు మొదలుపెడితే 57లో పూర్తయింది.

ఆ 237 దగ్గర ప్రొఫెసర్ గారు ఆగారు. ఆ ఏడు మన దగ్గర ఎవరున్నారు? ఎవరికీ తట్టలేదు. అశోకుడు. పాటలీపుత్రంలో ఆయన చివరి రోజులు. అశోకుడి పదమూడో శిలాశాసనంలో ధర్మం చేరిందని చెప్పిన దేశాల్లో తురమాయ అనే రాజు పేరు ఉంది. ఆ తురమాయ రెండో టాలమీ, ఈ గుడి మొదలుపెట్టినవాడి తండ్రి. ఆ పద్నాలుగు శాసనాల వరస మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదా చెక్కి ఉంది. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారి. మాలో ఒక్కరూ ఎర్రగుడి చూడలేదు. ఈజిప్టు దాకా వచ్చి ఆ మాట వినాల్సి రావడం కొంచెం సిగ్గుగానే అనిపించింది.

సాయంత్రానికి కొమ్ ఓంబో. నది ఒడ్డునే, ఓడ దిగితే గుడి. సగం మొసలి దేవుడు సోబెక్‌ది, సగం డేగ తల హోరస్‌ది. గుమ్మాలు రెండు, గర్భగుళ్లు రెండు. పక్క మ్యూజియంలో మొసళ్ల మమ్మీలు వరసగా పెట్టారు. మామ్మగారు అక్కడ ఒక్క నిమిషం కూడా ఉండలేదు.

నాకు నచ్చింది గుడి వెనక ఉన్న నైలోమీటరు. లోతైన బావి, నదికి దారి. గోడ మీది గీతలతో వరద ఎత్తు కొలిచేవారు. ఎంత ఎత్తు వస్తే అంత పంట, అంత పన్ను. రోమన్ రచయిత ప్లినీ రాశాడు: 12 మూరలు వస్తే ఆకలి, 13కు కొరత, 14కు సంతోషం, 15కు నిశ్చింత, 16కు ఆనందం. ఇంజనీర్ గారు బావిలోకి తొంగి చూస్తూ, ఆగస్టులో మన పేపర్లలో రోజూ సాగర్ నీటిమట్టం వేస్తారు కదా, 590 అడుగులకు ఇంకా ఎంత అని రాష్ట్రమంతా చూస్తుంది, అదే ఇది అన్నారు. పన్ను వేసేవాడి బదులు కాలువకు నీళ్లు వదిలేవాడు చూస్తాడు, అంతే తేడా.

బుధవారం, అస్వాన్

అస్వాన్‌లో దిగగానే కర్కదే ఇచ్చారు, ఎర్రటి పుల్లటి షర్బత్. తాగి టీచరమ్మ ఇది దేంతో చేస్తారని అడిగారు. ఎండిన పువ్వు తొడుగులు తెచ్చి చూపించారు. మన ఎర్ర గోంగూర మొక్కవే! మనం ఆకు తింటాం, వీళ్లు కాయ చుట్టూ ఉండే తొడుగును మరిగించి తాగుతారు. మరి ఆకులేం చేస్తారని మామ్మగారికి బెంగ.

హై డ్యామ్ చాలామందికి విసుగు, ఫొటో తీసుకుని బస్సెక్కేస్తారు. మా గుంపు గంటన్నర ఉంది. కారణం ఇంజనీర్ గారు. 1960 నుంచి 1970 వరకు కట్టారు. రాళ్లూ మట్టీ పోసిన కట్ట, ఎత్తు 111 మీటర్లు, పొడవు 3.8 కిలోమీటర్లు, అడుగున దాదాపు కిలోమీటరు వెడల్పు. మన నాగార్జునసాగర్ 124 మీటర్లు, రాతి కట్టడం, ఎక్కువభాగం మనుషుల చేతుల మీద లేచింది. ఎత్తులో మనదే పైచేయి అని చెప్పి, వెంటనే నిల్వ సంగతికి వచ్చారు. సాగర్‌లో ఇప్పుడు పట్టేది 312 టీఎంసీలు. ఎదురుగా ఉన్న నాసర్ సరస్సులో సుమారు 5,700. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అయితే ఏటా పొలాల మీద పరుచుకునే ఒండ్రు ఇప్పుడు సరస్సు అడుగున పడుతోంది, కింద రైతులు ఎరువు బస్తాలు కొంటున్నారు అని కూడా ఆయనే చెప్పారు.

మధ్యాహ్నం మోటారు పడవలో ఫిలే. ఐసిస్ దేవత గుడి. అసలు ఫిలే ద్వీపం 1902లో కట్టిన పాత డ్యామ్‌తోనే ఏడాదిలో ఎక్కువ నెలలు మునిగేది. యాత్రికులు స్తంభాల మధ్య పడవల్లో తిరిగేవారు. హై డ్యామ్ తర్వాత పూర్తిగా పోతుందని, చుట్టూ కట్ట వేసి నీళ్లు తోడి, రాయి రాయీ విప్పి పక్కన ఉన్న అగిల్కియా ద్వీపం మీద మళ్లీ పేర్చారు. 1972లో మొదలై 1980కి పూర్తయింది. క్రీ.శ. 394 నాటి చివరి చిత్రలిపి శాసనం ఇక్కడే ఉంది. దాని తర్వాత ఆ లిపిలో చెక్కిన తేదీ ఇంకెక్కడా దొరకలేదు.

ఆ రాత్రి ఉపన్యాసం అన్నిటికన్నా పెద్దది. ప్రొఫెసర్ గారు మొదట తెర మీద వేసింది ఫిలే కాదు, నాగార్జునకొండ. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. శాంతమూలుడి అశ్వమేధం, వీరపురుషదత్తుడి ఇంటి ఆడవాళ్లు కట్టించిన బౌద్ధ విహారాలు, సింహళ భిక్షువులకు ప్రత్యేక విహారం, తవ్వకాల్లో దొరికిన రోమన్ బంగారు నాణేలు. ఆ నాణేలు ఏ దారిన వచ్చి ఉంటాయో తర్వాతి బొమ్మలో చూపించారు. ఎర్రసముద్రం ఒడ్డున బెరెనికే రేవు, అక్కడి నుంచి ఒంటెల మీద నైలు దాకా, నైలు మీద అలెగ్జాండ్రియాకు. బెరెనికే గుడిలో ఏడున్నర కిలోల భారతీయ మిరియాలు ఒక జాడీలో దొరికాయి. అంటే మేం ఓడలో వెళ్తున్న ఈ నీటి మీదే మన సరుకు వెళ్లింది.

తర్వాత డ్యామ్. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ మొత్తం లోయను తవ్వింది. తొమ్మిది కట్టడాలను కొండ మీదికి తరలించి కట్టారు. మరికొన్నిటికి నమూనాలు కొండ మీదా, సాగర్ ఒడ్డున అనుపు దగ్గరా పెట్టారు. హై డ్యామ్ నీళ్లలో మునిగే నూబియా (ఈజిప్టు, సుడాన్ సరిహద్దు ప్రాంతం) గుడులను కాపాడమని యునెస్కో ప్రపంచాన్ని అడిగింది 1960 మార్చిలో. అప్పటికి మన పని ముగింపుకొచ్చింది. ఆ పిలుపు మీద మన దేశం 1961–62లో పురావస్తువేత్త బి.బి. లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని నూబియాకు పంపింది కూడా. అలా కాపాడిన నూబియా గుడి అబూ సింబెల్ పేరు ప్రపంచమంతా తెలుసు, నాగార్జునకొండ పేరు మన పిల్లలకే తెలియదు అని ప్రొఫెసర్ గారు కొంచెం కోపంగానే అన్నారు.

వెనక వరసలోంచి మామ్మగారు చెయ్యెత్తారు. "గుళ్లు ఎక్కడ పెట్టారో చెప్పారు బాబూ. ఊళ్లవాళ్లను ఎక్కడ పెట్టారు?"

ఆవిడ అమ్మగారి పుట్టిల్లు ఆ నీళ్ల కింద ఉందట. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నష్టపరిహారం తీసుకుని మాచర్ల వైపు వచ్చేశారట, కొందరు మేనమామల కుటుంబాలు ఎటు పోయాయో తెలియలేదట. ప్రొఫెసర్ గారు తెర ఆపేసి నూబియా లెక్క చెప్పారు. ఈజిప్టు వైపు నుంచి దాదాపు 50 వేల మందిని 1963–64లో ఊళ్లు ఖాళీ చేయించి కొమ్ ఓంబో చుట్టుపక్కలకు తరలించారు. నిన్న సాయంత్రం మేం మొసళ్లు చూసిన చోటికి దగ్గర్లోనే. సుడాన్ వైపు ఇంచుమించు అంతేమంది. నది ఒడ్డున బతికినవాళ్లకు నది కనపడని చోట ఇళ్లిచ్చారు. ఆ విషయం టూర్ కంపెనీ కాగితంలో లేదు, గైడ్ కూడా చెప్పలేదు. గైడ్‌ను మర్నాడు అడిగితే, ఎవరూ అడగరు, అందుకే చెప్పం అన్నాడు.

గురువారం, అబూ సింబెల్

తెల్లవారుజామున నాలుగింటికి టిఫిన్ డబ్బాలు చేతికిచ్చి బస్సెక్కించారు. అస్వాన్ నుంచి 280 కిలోమీటర్ల ఎడారి రోడ్డు. జనవరి చలికి అందరం శాలువాలు కప్పుకున్నాం. మాగాయతో బ్రెడ్డు తిన్నది ఆ దారిలోనే.

గుడి ముందు రెండో రామ్సెస్ విగ్రహాలు నాలుగు, ఒక్కోటి 20 మీటర్లు. ఒకదాని పైభాగం పాతకాలంలోనే భూకంపానికి విరిగి కింద పడింది. 1964 నుంచి 1968 వరకు కొండను వెయ్యికి పైగా ముక్కలుగా కోసి, 65 మీటర్ల ఎత్తుకు, 200 మీటర్ల వెనక్కి తరలించినప్పుడు, ఆ విరిగిపడిన తలను కూడా తెచ్చి అదే తీరులో విగ్రహం కాళ్ల దగ్గర పడేశారు. అతికించలేదు. ఎంత గొప్ప పని! ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లకు దండం పెట్టాలి. మనవాళ్లయితే సిమెంటు పూసి నిలబెట్టి రంగు కూడా వేసేవాళ్లేమో అని డాక్టర్ గారు అంటే, నాగార్జునకొండలో అలా చేయలేదండీ అని ఇంజనీర్ గారు సర్దిచెప్పారు.

గర్భగుడిలో నలుగురి విగ్రహాలు కూర్చుని ఉంటాయి. ఏటా ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న ఉదయపు ఎండ లోపలిదాకా వచ్చి ముగ్గురి మీద పడుతుంది. నాలుగో వాడు ప్తా, చీకటి లోకానికి సంబంధించిన దేవుడు, ఆయన మీద పడదు. పక్కనే నెఫెర్తారి గుడి. భార్య విగ్రహాలను తనతో సమానమైన ఎత్తులో నిలబెట్టించాడు రామ్సెస్. మా ఆవిడ నా వైపు చూసింది.

తిరుగు బస్సులో ఎవరూ నిద్రపోలేదు. ముందు సీట్లలో పెద్ద చర్చ. ఎర్రగుడి ఎప్పుడు, నాగార్జునకొండ ఎప్పుడు. చివరికి నాగార్జునకొండ ముందు అని తేలింది. హైదరాబాద్ నుంచి సాగర్ 150 కిలోమీటర్లు, పొద్దున ఆరింటికి బయల్దేరితే లాంచీ అందుతుంది. విజయపురి సౌత్ నుంచి ఎక్కాలి, కొండకు ముప్పావు గంట. మ్యూజియానికి శుక్రవారం సెలవు కాబట్టి శనివారం. అనుపు కూడా అదే రోజు చూసేయొచ్చు. ఫిబ్రవరి దాటితే ఎండ. మనవరాలి పరీక్షలు మార్చిలో. కాబట్టి ఫిబ్రవరిలో రెండో శనివారం అనుకున్నాం. ఈసారి పాఠం తాను చెబుతానని మామ్మగారు ప్రొఫెసర్ గారికి ముందే చెప్పేశారు.